ఒకట్ల స్థానంలోని మనిషి

పద్నాలుగు లక్షల పదమూడు వేల నూట తొంభై తొమ్మిది. అంకెలలో 14,13,199. ఇది 2011 జనగణనలో నాటి బస్తర్ జిల్లాకు నమోదైన జనసంఖ్య. ప్రణాళికా పత్రాలలోనూ ప్రసంగాలలోనూ ఇటువంటి సంఖ్య సాధారణంగా ‘సుమారు 14 లక్షలు’ అనే రూపంలో ప్రత్యక్షమవుతూ ఉంటుంది. ఒక రూపం నుండి మరొక రూపానికి మారే క్షణంలో 13,199 మంది కాగితం మీద నుండి తొలగిపోతారు. దీనిని ఎవరూ దోషంగా భావించరు. భావించవలసిన అవసరం కూడా అనేక సందర్భాలలో ఉండదు. అయితే ఏ సందర్భంలో ఆ అవసరం ఉండదో, ఏ సందర్భంలో ఉంటుందో విచారించడం పరిపాలనతో సంబంధమున్న వారందరి విధి. ఆ విచారణకు ఇక్కడ ఎంచుకున్న మార్గం కొంత వింతగా తోచవచ్చు. మనుషులను కొంతసేపు పక్కన ఉంచి, 14,13,199 అనే సంఖ్యను కేవలం సంఖ్యగా పరిశీలించడమే ఆ మార్గం.

పూర్ణసంఖ్యను రెండు విధాలుగా తలచవచ్చు. ఏడు కొండలు అన్నప్పుడు ఏడు అనేది కొండలకు విశేషణం. ఏడు ప్రధాన సంఖ్య, అనగా ఒకటితోను తనతోను తప్ప మరే సంఖ్యతోను నిశ్శేషంగా భాగింపబడనిది అన్నప్పుడు కొండల ప్రసక్తి లేదు. ఆ మాట కొండలు పుట్టకముందూ సత్యమే. అవి కరిగిపోయిన తరువాతా సత్యమే. శ్రీనివాస రామానుజన్ ఇంగ్లండులో అస్వస్థుడై ఉండగా చూడవచ్చిన ఆచార్య హార్డీ, తాను ఎక్కి వచ్చిన టాక్సీ సంఖ్య 1729లో విశేషమేమీ లేదని అన్నాడనీ, రెండు ఘనముల మొత్తంగా రెండు విధాల వ్రాయదగిన సంఖ్యలలో అది కనిష్ఠమైనదని రామానుజన్ తక్షణమే బదులు చెప్పాడనీ మనకు విదితమే. ఆ ప్రసిద్ధ వృత్తాంతంలో మనం గ్రహించవలసినది ఒకటి ఉన్నది. శ్రద్ధగా చూచే వానికి ప్రతి సంఖ్యకు తనదైన స్వరూపం ఉంటుంది. ఒక బండికి తగిలించిన అంకెలకే అంత శ్రద్ధ దక్కినప్పుడు, ఒక జిల్లా ప్రజలందరినీ కలిపి చెప్పే సంఖ్యకు కొంత శ్రద్ధ చూపడం అనుచితం కాదు.

సంఖ్య స్వరూపం

14,13,199 బేసి సంఖ్య. దాని అంకెల మొత్తం 28 కనుక అది 3తోగాని 9తోగాని భాగింపబడదు. చివరి అంకె 9 కనుక 5తోనూ భాగింపబడదు. 7తో భాగిస్తే 4, 11తో భాగిస్తే 7, 13తో భాగిస్తే 8, 17తో భాగిస్తే 6, 19తో భాగిస్తే 17, 23తో భాగిస్తే 10 శేషిస్తాయి. ఓపికతో మరొక అడుగు ముందుకు వేసి 29తో భాగిస్తే శేషం లేకుండా 48,731 భాగఫలంగా వస్తుంది. ఈ 48,731ని మరింత విడదీయవచ్చునేమోనని 220 వరకు గల ప్రధాన సంఖ్యలన్నింటితోనూ పరీక్షించినా ఏ ఒక్కదానికీ అది లొంగదు. అంతకు పైన పరీక్షించవలసిన అవసరం లేదు. 221ని 221తో గుణిస్తే ఫలం 48,731ని దాటిపోతుంది. కనుక 48,731 ప్రధాన సంఖ్యయే. మన సంఖ్య 29, 48,731 అనే రెండు ప్రధాన సంఖ్యల గుణకార ఫలం.

దీనివలన తేలేది ఏమనగా, 14,13,199కి నాలుగే భాజకాలు: 1, 29, 48,731, 14,13,199. ఈ జనాన్ని ఒక్కరూ మిగలకుండా సమానమైన గుంపులుగా విభజింపదలచిన వానికి రెండే మార్గాలు ఉన్నాయి. 48,731 మంది చొప్పున 29 గుంపులు చేయవచ్చు. లేదా 29 మంది చొప్పున 48,731 గుంపులు చేయవచ్చు. రెండుగా, నాలుగుగా, పదిగా, నూరుగా విభజించబోతే ప్రతిసారీ ఎవరో కొందరు మిగిలిపోతారు. తమకంటె చిన్న సంఖ్యలన్నింటికంటె అధికంగా భాజకాలు గల సంఖ్యలను గూర్చి రామానుజన్ 1915లో ఒక పెద్ద పరిశోధన వ్యాసం ప్రకటించాడు. 12, 24, 60 ఆ కోవలోనివి. డజనుకు పన్నెండు, దినానికి ఇరవైనాలుగు గంటలు, గంటకు అరవై నిమిషాలు అన్న లెక్కలు పంపకానికి ఎంత అనువైనవో నిత్యజీవితంలో చూస్తూనే ఉన్నాము. బస్తర్ సంఖ్య స్వభావం దానికి పూర్తిగా విరుద్ధం. అది పంపకానికి సులభంగా లొంగే సంఖ్య కాదు.

మరొక గుణం ఇంతకంటె ఆసక్తికరమైనది. ఎన్ని వరుసలో వరుసకు అంతే మంది చొప్పున మనుషులను నిలబెడితే ఏర్పడేది చదరపు వ్యూహం. అందులోని మనుషుల సంఖ్య 1, 4, 9, 16 వంటి వర్గసంఖ్య అవుతుంది. 14,13,199 మందిని ఒక్కరూ మిగలకుండా ఇట్టి వ్యూహాలుగా నిలపడానికి కనీసం ఎన్ని వ్యూహాలు కావాలి? ఏ వర్గసంఖ్యను 8తో భాగించినా వచ్చే శేషం 0, 1, 4 అనే మూడింటిలో ఒకటే అవుతుంది. ఒకే శేషాన్ని మళ్ళీ మళ్ళీ తీసుకున్నా సరే, ఇట్టి శేషాలను మూడింటిని కూడితే వచ్చే మొత్తాన్ని 8తో భాగించినప్పుడు 7 శేషించడం అసంభవం. వేయి 8తో నిశ్శేషంగా భాగింపబడుతుంది కనుక ఏ సంఖ్యకైనా చివరి మూడు అంకెలను పరీక్షిస్తే చాలును. మన సంఖ్యలో చివరి మూడు అంకెలు 199. దానిని 8తో భాగిస్తే శేషం సరిగ్గా 7. కనుక ఒకటి, రెండు, మూడు వ్యూహాలు చాలవు. ఏ పూర్ణసంఖ్యనైనా నాలుగు వర్గాల మొత్తంగా వ్రాయవచ్చునని లగ్రాంజ్ 1770లో నిరూపించాడు కనుక నాలుగు మాత్రం చాలుతాయి. 1187 వరుసల వ్యూహం ఒకటి, 65 వరుసలది ఒకటి, 2 వరుసలది ఒకటి, ఒకే మనిషి నిలిచే వ్యూహం ఒకటి: 14,08,969, 4,225, 4, 1. వీటి మొత్తం 14,13,199.

వేరే విధంగా కూడా ఈ సంఖ్యను నాలుగు వర్గాలుగా విడదీయవచ్చు. కాని నాలుగవ వర్గం లేకుండా ఏ విధంగానూ పని జరగదు. పైన చూపిన విభజనలో ఆ నాలుగవ వ్యూహం ఒకే ఒక వ్యక్తి. ఆ వ్యక్తిని లెక్కలోనికి తీసుకోకపోతే మూడు వ్యూహాలతో పని ముగిసిపోతుంది. తీసుకుంటే నాలుగవది తప్పదు.

పొరుగు సంఖ్యలు

ఇప్పుడు ఈ సంఖ్యకు ఇరుగుపొరుగులను చూద్దాం. ఒకటి తగ్గిస్తే 14,13,198. ఇది సరి సంఖ్య. 18తో నిశ్శేషంగా భాగింపబడుతుంది. మూడు వర్గాల మొత్తంగా వ్రాయడానికి లొంగుతుంది. ఒకటి పెంచితే 14,13,200. దీనికి నాలుగు కాదు, ముప్పై భాజకాలు ఉన్నాయి; రెండుగా, నాలుగుగా, పదిగా, నూరుగా, నాలుగు వందలుగా కూడా సమానంగా విడిపోతుంది. ‘సుమారు’ అన్న మాటతో మనం చేరుకునే 14,00,000కు ఏకంగా 84 భాజకాలు ఉన్నాయి. అది అనేక విధాల పంపకానికి అనువైన సంఖ్య.

దీనివలన ఒక సత్యం స్పష్టమవుతున్నది. పరిమాణంలో దగ్గరగా ఉన్న సంఖ్యలు స్వభావంలో దగ్గరగా ఉండనవసరం లేదు. ఒక్కటి తేడా వచ్చినా సంఖ్య స్వరూపం సమూలంగా మారిపోవచ్చు. పద్నాలుగు లక్షల తరువాత వచ్చిన ఒకటి స్వల్పమైనదనీ, ఒకటి తరువాత వచ్చిన ఒకటి గొప్పదనీ అంకగణితం ఎన్నడూ భావించదు. దానికి ఏ ఒకటైనా ఒకటే. సాధారణంగా గణితాన్ని హృదయం లేని శాస్త్రమనీ, పరిపాలనను మానవీయమైన వ్యాపారమనీ అనుకుంటాము. ఈ ఒక్క విషయంలో స్థితి తారుమారుగా ఉన్నది. చిట్టచివరి మనిషిని కూడా విడువకుండా పట్టి ఉంచేది గణితం. అతడిని సౌకర్యార్థం సున్నాలలో కలిపివేసేది మన కార్యాలయ భాష.

ఎవరి సంఖ్య?

ఈ సంఖ్య ఏ ప్రాంతాన్ని సూచించిందో ఇప్పుడు స్మరించుకోవాలి. బస్తర్‌తో తెలుగువారి సంబంధం ప్రాచీనమైనది. ఛిందక నాగవంశీయుల కాలానికి చెందిన తెలుగు శాసనాలు ఈ ప్రాంతంలో లభించాయి. 1323లో ఓరుగల్లు పతనమైన అనంతరం ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు ఇంద్రావతీ తీరానికి తరలివచ్చి రాజ్యస్థాపన చేశాడని బస్తర్ రాజవంశ సంప్రదాయం చెబుతుంది. గోదావరి, ఇంద్రావతి, శబరి నదులకు చేరువలో ఉన్న భోపాలపట్నం, కోంటా ప్రాంతాలలో తెలుగు నేటికీ వాడుక భాష. గోండి మాట్లాడేవారు రెండును ‘రండ్’ అనీ మూడును ‘మూండ్’ అనీ అంటారు. లెక్కపెట్టే మాటలలోనే మన భాషల చుట్టరికం వినిపిస్తుంది.

స్వాతంత్ర్యానంతరం ఏర్పడిన బస్తర్ జిల్లా వైశాల్యం 39,114 చదరపు కిలోమీటర్లు. అది కేరళ రాష్ట్ర వైశాల్యం కంటె అధికం. 1991 జనగణనలో ఆ అవిభక్త జిల్లా జనసంఖ్య 22,71,314. 1998లో కాంకేర్, దంతెవాడ జిల్లాలు దాని నుండి వేరుపడ్డాయి. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం అవతరించింది. 2007లో నారాయణపూర్, బీజాపూర్, 2012లో సుక్మా, కోండగావ్ జిల్లాలు ఏర్పడ్డాయి. కోండగావ్ విడిపోవడంతో 14,13,199 అనే సంఖ్య ఏ జిల్లాను ఉద్దేశించి నమోదైనదో ఆ జిల్లా ఆ హద్దులతో ఒక సంవత్సరమైనా నిలువలేదు. సంఖ్య మాత్రం అట్లాగే ఉన్నది. అది 29, 48,731ల గుణకార ఫలంగా ఉండడానికి బస్తర్ అవసరం లేదు. బస్తర్ హద్దులు మారినంత మాత్రాన అది మారదు.

మరి మనుషులకు ఈ సంఖ్యతో గల సంబంధం ఏమిటి? వారు ఆ సంఖ్యను సృష్టించలేదు. ఒక నిర్ణీత క్షణంలో వారందరూ కలిసి దానిని వేలెత్తి చూపారు, అంతే. ఆ క్షణం 2011 మార్చి 1వ తేదీ ప్రారంభమయ్యే అర్ధరాత్రి. ఫిబ్రవరి 9 నుండి 28 వరకు ఎన్యూమరేటర్లు ఇంటింటికీ తిరిగారు. ఇల్లులేని వారిని ఫిబ్రవరి 28 రాత్రి లెక్కించారు. మార్చి 1 నుండి 5 వరకు మళ్ళీ తిరిగి, ఆ అర్ధరాత్రికి ముందు మరణించిన వారిని తొలగించి, జన్మించిన వారిని చేర్చారు. ఒక్క మరణానికి ఒకటి తగ్గాలి, ఒక్క జననానికి ఒకటి పెరగాలి అన్న నియమం ఈ పునఃపరిశీలనలో అంతర్లీనంగా ఉన్నది. ఆ అర్ధరాత్రి దాటిన క్షణంలో జగదల్‌పూర్ ఆసుపత్రిలోనో, అడవి నడుమ పల్లెలోనో పుట్టిన ఒక శిశువు అప్పటికే 14,13,199 అన్న సంఖ్యకు వెలుపల ఉన్నది. ఆ శిశువును చేర్చుకున్న సంఖ్య వేరు. దాని స్వభావం వేరు.

ఒక ప్రబలమైన ఆక్షేపణ

ఇక్కడ విజ్ఞులైన పాఠకులు ఒక ఆక్షేపణ చేయవచ్చు. ఒకట్ల స్థానంలోని 9 మీద ఇంత భారం మోపడం సమంజసమేనా? ఏ జనగణన అయినా లోపరహితం కాదు గదా! ఈ ఆక్షేపణ నిరాధారం కాదు. 2011 జనగణన అనంతరం దాని నాణ్యతను పరీక్షించడానికి జరిపిన సర్వేలో, దేశవ్యాప్తంగా నికరంగా వేయింటికి 23 మంది చొప్పున లెక్కకు రాలేదని తేలింది. ఆ జాతీయ సగటునే బస్తర్‌కు అన్వయించి చూస్తే, లెక్క తప్పినవారు సుమారు 32,500 మంది అవుతారు. వేల స్థానమే సందేహాస్పదమైనప్పుడు ఒకట్ల స్థానాన్ని గూర్చిన చర్చ వృథా కాదా?

పైగా అడవి ప్రాంతాలలో లెక్కింపు కష్టసాధ్యమైన పని. 2005 తరువాతి సంఘర్షణ సంవత్సరాలలో దక్షిణ బస్తర్ నుండి అనేక కుటుంబాలు ఊళ్ళు విడిచి, రాష్ట్ర సరిహద్దు దాటి, నాటి ఖమ్మం జిల్లా అడవులలో తలదాచుకున్నాయి. స్థానచలనంలో ఉన్న కుటుంబాన్ని ఏ ఊరి పట్టికలో వ్రాయాలి? విడిచి వచ్చిన ఊరు వారిని లేరని చెబుతుంది. చేరిన ఊరు వారిని తనవారని ఒప్పుకోవడానికి వెనుకాడుతుంది. ఇట్టివారు రెండు పట్టికలలోనూ లేకుండా పోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

ఈ వాస్తవాలను అంగీకరిస్తూనే ఒక భేదాన్ని గుర్తించాలి. ఒకట్ల స్థానంలోని అంకె మనకు ఎంత తెలుసో చెప్పే ప్రమాణం కాదు. మనం ఏమి చేయవలసి ఉన్నదో చెప్పే ప్రమాణం అది. ఎన్యూమరేటరు ఒక గుడిసె ముందు నిలిచి, లోపల ఉన్న వృద్ధురాలిని గూర్చి అడిగి, పట్టికలో ఒక వరుస నింపినప్పుడు అతడు చేసినది అంచనా కాదు. ఒక మనిషి ఉన్నదని రాజ్యం తరఫున అంగీకరించడం. అటువంటి అంగీకారాలు 14,13,199 జరిగాయి. ఆ సంఖ్య బస్తర్‌లో ఎందరు ఉన్నారన్న ప్రశ్నకు సంపూర్ణమైన సమాధానం కాకపోవచ్చు. ఎందరిని రాజ్యం ఉన్నారని నమోదు చేసుకున్నదన్న ప్రశ్నకు మాత్రం అది నిర్దిష్టమైన సమాధానం. లెక్కకు రానివారు ఉన్నారన్నది నిజమే. కాని ఆ కారణంగా లెక్కకు వచ్చినవారిని గుండ్రని సంఖ్యలో కలిపివేస్తే మొదటి లోపానికి రెండవ లోపాన్ని జోడించినట్లే అవుతుంది. మొదటిది మన అశక్తత. రెండవది మన అలసత్వం. ఈ రెండింటికీ నైతికంగా ఒకే విలువ లేదు.

శేషం సంగతి

ఈ విచారణ కేవలం తాత్వికమైనది కాదని చూపడానికి ఒక ఉదాహరణ చాలును. గిరిజన, కొండ ప్రాంతాలలో 3,000 జనాభాకు ఒక ఆరోగ్య ఉపకేంద్రం, 20,000 జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలన్నది మన దేశంలో అనుసరిస్తూ వచ్చిన జనసంఖ్యా ప్రమాణం. మైదాన ప్రాంతాలలో ఈ సంఖ్యలు 5,000, 30,000. లెక్క కోసం నాటి బస్తర్ జిల్లా అంతటికీ గిరిజన ప్రాంత ప్రమాణాన్నే వర్తింపజేసి చూద్దాం. 14,13,199ని 3,000తో భాగిస్తే 471 ఉపకేంద్రాలు వస్తాయి; 199 మంది మిగులుతారు. 20,000తో భాగిస్తే 70 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు వస్తాయి. 13,199 మంది మిగులుతారు. ‘సుమారు 14 లక్షలు’ అని ముందే వ్రాసుకున్న వానికి మాత్రం 70 కేంద్రాలు వచ్చి శేషం సున్నా అవుతుంది. లెక్క ఎంతో శుభ్రంగా కనిపిస్తుంది. అంతమంది మిగిలారన్న సంగతి కూడా ఆ కాగితం మీద ఇక కనిపించదు.

శేషంలో మిగిలేది ఎవరన్నది అంకగణితం చెప్పదు. కాని పరిపాలనానుభవం గల వారికి అది తెలియనిది కాదు. జిల్లా కేంద్రంలో, రహదారి పక్కన నివసించేవారు ఎన్నడూ శేషంలోనికి రారు. వర్షాకాలంలో వాగు పొంగితే దారి తెగిపోయే పల్లెలవారు, చెదురుమదురుగా నాలుగైదు ఇళ్ళ గూడేలలో ఉండేవారు, ఊరు విడిచి ఊరు చేరినవారు తరచుగా అందులో మిగిలిపోతారు. అంకగణితంలో శేషానికి వివక్ష లేదు. ఎవరు మిగిలినా ఒకటే. పరిపాలనలో శేషానికి ముఖాలు ఉంటాయి, చాలాసార్లు అవే ముఖాలు.

మన పురాణ భావనలో ‘శేష’ శబ్దానికి గల గౌరవం ఇక్కడ స్మరణీయం. ప్రళయానంతరం మిగిలినవాడు కనుక శేషుడు. భూభారాన్ని వహించేవాడూ అతడే. మిగిలినదానిని త్రోసివేయదగినదిగా ఆ భావన చూడలేదు. వ్యవహారంలోనూ ఋణశేషం, వ్రణశేషం, అగ్నిశేషం ఉంచరాదని పెద్దలు హెచ్చరించారు. స్వల్పమని విడిచినది పెరిగి ముందుకు వస్తుందన్నది వారి అనుభవం. బాల్యంలో భాగహారం నేర్చేటప్పుడు శేషం వ్రాయని లెక్కకు ఉపాధ్యాయుడు పూర్తి మార్కులు ఇవ్వడు. ఆ క్రమశిక్షణ కార్యాలయంలో ప్రవేశించగానే సడలిపోవడానికి కారణం కనిపించదు.

పరిమాణం, ప్రత్యేకత

అట్లని ఎల్లవేళలా చివరి అంకె వరకు చెప్పి తీరాలని వాదించడం హాస్యాస్పదమవుతుంది. ఒక జిల్లాకు సంవత్సరానికి ఎంత ధాన్యం సేకరించాలి, ఎన్ని బస్సులు నడపాలి, ఎంత విద్యుత్తు అవసరం అన్నవి పరిమాణానికి సంబంధించిన ప్రశ్నలు. వాటికి 14,13,199కీ 14,13,200కీ తేడా లేదు. తెలియని ఖచ్చితత్వాన్ని తెలిసినట్లు నటించడం కంటె ‘సుమారు’ అనడమే అక్కడ సత్యసంధత. కాని ఎవరికి రేషను కార్డు అందాలి, ఎవరి పేరు ఓటర్ల జాబితాలో ఉండాలి, ఏ శిశువుకు టీకా వేయాలి అన్నవి పరిమాణానికి సంబంధించినవి కావు, ఒక్కొక్కరికి సంబంధించినవి. మొదటి తరహా ప్రశ్నలలో సంఖ్య ఎంత పెద్దదన్నది ముఖ్యం. రెండవ తరహా ప్రశ్నలలో అది ఏ సంఖ్య అన్నది ముఖ్యం. మొదటి తరహాకు తగిన భాషను రెండవ తరహాలో వాడినప్పుడు అన్యాయం ప్రారంభమవుతుంది. అది ఎవరి దురుద్దేశం వలనా జరగనవసరం లేదు. ఒక విశేషణాన్ని స్థానం తప్పి వాడడం వలన కూడా జరుగుతుంది.

రెండు తరహాలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉండడం వలన జాగ్రత్త మరింత అవసరమవుతున్నది. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం, ప్రతి రాష్ట్రంలో ఎందరికి హక్కు వర్తిస్తుందన్న మొత్తాన్ని జనగణనలో ప్రచురితమైన జనసంఖ్య ఆధారంగా లెక్కించాలని నిర్దేశించింది. 2021లో జరుగవలసిన జనగణన వాయిదాపడినందున, ఆ తరువాతి సంవత్సరాలలో కూడా 2011 నాటి సంఖ్యలే ప్రమాణంగా నిలిచాయి. 2011 మార్చి 1 తరువాత పుట్టి పెరిగిన పిల్లలు అన్నం తినే వయస్సుకు వచ్చారు. వారిని లెక్కలోనికి తీసుకునే సంఖ్య మాత్రం రాలేదు. ఒక క్షణానికి చెందిన సంఖ్య ఒక దశాబ్దాన్ని దాటి పాలించినప్పుడు, దానిలో లేనివారి భారం దానిలో ఉన్నవారి మీదనే పడుతుంది.

ఒకట్ల నుండి మొదలుపెట్టిన సంప్రదాయం

సంఖ్యను చదివే పద్ధతిలోనే మన దృష్టి ఎక్కడ నిలుస్తుందో తెలుస్తుంది. నేడు మనం పెద్ద స్థానం నుండి చదువుతాము: పద్నాలుగు లక్షల... అక్కడికే వినేవాని శ్రద్ధ సగం ముగుస్తుంది. శకవర్షాలను మాటలలో చెప్పిన మన శాసనకర్తలు, జ్యోతిషులు ఇందుకు భిన్నమైన పద్ధతిని పాటించారు. అంకెల నడక ఎడమవైపునకు అన్నది వారి సూత్రం. వారు ఒకట్ల స్థానంతో ప్రారంభించి, పదులు, వందలు, వేలు అనే క్రమంలో పైకి వెళ్ళేవారు. చంద్రుడన్నా భూమి అన్నా ఒకటి, అగ్నులంటే మూడు, వేదాలంటే నాలుగు, నందులన్నా నిధులన్నా తొమ్మిది. ఆ పద్ధతిలో 14,13,199ని చెప్పాలంటే నంద, నిధి, చంద్ర, అగ్ని, భూ, వేద, శశి అనవలసి ఉంటుంది. పద్నాలుగు లక్షలను సూచించే మాటలు చిట్టచివర వస్తాయి. వారు దీనిని నైతిక సూత్రంగా భావించి చేశారని చెప్పడం అతిశయోక్తి. అయినా ఆ క్రమంలో ఒక సౌలభ్యం ఉన్నది: చివరి మనిషిని చెప్పకుండా మొదటి లక్షను చేరుకోవడం ఆ పద్ధతిలో సాధ్యం కాదు.

సంఖ్యాశాస్త్రం మనకు పరాయిది కాదు. తొమ్మిదవ శతాబ్దిలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రచించిన గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెనిగించాడు. రెండు దిశల నుండీ ఒకే విధంగా చదువబడే గుణకార ఫలాలను కంఠహారాలతో పోల్చి ఆనందించిన సంప్రదాయం అది. 14,28,57,143ని 7తో గుణిస్తే 1,00,00,00,001 వస్తుంది: రెండు కొనలయందు రెండు ఒకట్లు, నడుమ ఎనిమిది సున్నాలు. ఆ హారంలో కుడివైపు కొనన ఉన్న ఒకటి ఎడమవైపు కొనన ఉన్న ఒకటితో సమానంగా మెరుస్తుంది. దానిని స్వల్పమని తీసివేస్తే సంఖ్య పరిమాణం దాదాపు మారదు; హారం మాత్రం తెగిపోతుంది.

శిల, సంఖ్య

బస్తర్‌లో మనుషులను లెక్కించే మరొక పద్ధతి అనాదిగా ఉన్నది. మరణించిన వారి స్మృత్యర్థం మాడియా గోండులు శిలలను నిలుపుతారు. వీటిని ఉరస్కల్ అంటారు. గోండిలో ‘కల్’ అంటే రాయి. మన వీరగల్లులోని ‘గల్లు’ దానికి సోదర శబ్దం. ఒక మనిషికి ఒక శిల. అక్కడ ‘సుమారు’ అన్న మాటకు చోటు లేదు. ఎవరి శిల ఎక్కడ ఉన్నదో ఆ కుటుంబానికి తెలుసు.

శిలలకు ఉన్న గుణం సంఖ్యకు లేదు. సంఖ్య పేరును మరచిపోతుంది. 1948 జనగణన చట్టం వ్యక్తిగత వివరాలను రహస్యంగా ఉంచాలని ఆదేశిస్తున్నది కనుక, పేర్లు పట్టికలలోనే ఆగిపోయి మొత్తం మాత్రమే బయటికి వస్తుంది. కాని సంఖ్యకు ఉన్న ఒక గుణం శిలలకు లేదు. పెద్దమనిషికి పెద్ద శిల, పేదవానికి చిన్న శిల కావచ్చు. సంఖ్యలో రాజవంశీయుడూ ఒకటే, అడవిలో ఇప్పపూవు ఏరుకునే స్త్రీ ఒకటే. ఆమె ఒకటి అతని ఒకటి కంటె రవ్వంత తక్కువ కాదు. సమానత్వమన్న రాజ్యాంగ భావనకు ఇంతకంటె నిరాడంబరమైన రూపం ఊహించడం కష్టం. అందువలన పేరును మరచిపోయినందుకు సంఖ్యను నిందించనవసరం లేదు. పేరును మరచిపోయిన తరువాత ఆ ఒకటిని కూడా మరచిపోతే మాత్రం ఆ మనిషికి ఇక రాజ్యం వద్ద మిగిలేది ఏమీ లేదు.

2025 జూన్ 16న వెలువడిన ప్రకటన ప్రకారం రాబోయే జనగణనకు ప్రామాణిక క్షణం 2027 మార్చి 1వ తేదీ ప్రారంభమయ్యే అర్ధరాత్రి. బస్తర్‌కు, దాని నుండి విడివడిన జిల్లాలకు అప్పుడు కొత్త సంఖ్యలు నమోదవుతాయి. అవి సరివో బేసివో, వాటికి ఎన్ని భాజకాలు ఉంటాయో, ఎన్ని వర్గాలుగా విడిపోతాయో ముందుగా ఎవరూ చెప్పలేరు. ఆ సంఖ్యలు వాగు ఇవతల నుండి విచారించి పూరించిన అంచనాలై ఉంటాయా, వాగు దాటి వెళ్ళి నమోదు చేసిన మనుషుల మొత్తాలై ఉంటాయా అన్నది మాత్రం లెక్కించేవారి కాళ్ళ మీద, వారిని పంపే కార్యాలయాల ఓపిక మీద ఆధారపడి ఉన్నది. ఆ నివేదికలు మన బల్లల మీదికి వచ్చినప్పుడు, లక్షల స్థానం వద్ద ఆగకుండా కుడివైపు కొన వరకు చదవడం మన వంతు.